సముద్రానికి గీత గీసే చెయ్యి ఎవరిది?

సముద్రాన్ని కాపాడాలంటున్నారు. కాపాడండి. మేము అడ్డం రాం. ఈ మాట ముందే చెప్పేస్తున్నాం. ఎందుకంటే వాడ నుంచి ఎవరైనా నోరు తెరిచి ప్రశ్న అడిగితే చాలు, 'వీళ్ళకి ప్రకృతి మీద ప్రేమ లేదు, కడుపు తప్ప ఇంకేం తెలీదు' అని చదువుకున్నోళ్ళు అనేస్తారు. సముద్రం చస్తే ముందు పస్తుండేది మేమే. బెంగళూరులోనో ఢిల్లీలోనో కూర్చుని తాబేలు బొమ్మ ఉన్న చొక్కా వేసుకునే వాళ్ళు కాదు.

2022 డిసెంబరులో కెనడాలోని మాంట్రియల్‌లో ప్రపంచ దేశాలన్నీ కలిసి ఒక ఒప్పందానికొచ్చాయి. 2030 నాటికి భూమిలో 30 శాతం, సముద్రంలో 30 శాతం రక్షిత ప్రాంతాలుగా చెయ్యాలని. 2023లో ఏ దేశానికీ చెందని నడిసముద్రం గురించి ఇంకో ఒప్పందం కుదిరింది, అది 2026 జనవరిలో అమల్లోకొచ్చింది. మంచిదే. కానీ ఈ 30 శాతం గీత ఎక్కడ గీస్తారు? నడిసముద్రంలో గీస్తే కంపెనీ ఓడలకి కోపం. రేవుల దగ్గర గీస్తే ఓడల యజమానులకి కోపం. ఎవరికీ కోపం రాని చోటు ఒకటుంది. ఏటి మొగ, మడ అడవి, బురద పర్ర, లోతులేని నీళ్ళు. అక్కడుండే వాళ్ళకి కోపమొచ్చినా పేపర్లో రాదు.

అసలు ఇలాంటి రక్షణ ఎందుకు కావాలో మన వాళ్ళకి మనమే చెప్పుకోవాలి. ఇది ఫారెస్టోళ్ళు వచ్చి చెప్పాల్సిన సంగతేం కాదు. రొయ్య సముద్రంలో గుడ్డు పెడుతుంది, పిల్ల మాత్రం ఏటి మొగలోకి, మడ వేళ్ళ మధ్యకి వచ్చి పెరుగుతుంది. పెద్దదయ్యాక మళ్ళీ సముద్రానికి పోతుంది. మడ నరికితే సముద్రంలో రొయ్య ఉండదు. ముసలి చేప, పెద్ద చేప పెట్టినన్ని గుడ్లు చిన్న చేప పెట్టదు. ఒకచోట కొన్నేళ్ళు వల వెయ్యకుండా వదిలేస్తే అక్కడ చేప పెద్దదై, పెరిగి, గీత దాటి బయటికొస్తుంది, బయట వల వేసిన వాళ్ళకి దొరుకుతుంది. ఇదంతా ఒడ్డున బతికే వాళ్ళకి తెలిసిన లెక్కే. మరబోటు అడుగు వల ఈడ్చుకుంటూ పోతే ఆ లెక్క మొత్తం తప్పుతుంది. చిట్టిచేప, గుడ్డుతో ఉన్న చేప, తాబేలు, అన్నీ ఒకే వలలో పడతాయి. తాబేలుకి నీళ్ళపైకొచ్చి ఊపిరి పీల్చుకోవాలి. వలలో చిక్కితే ఊపిరాడక చస్తుంది. చలికాలం పోయే రోజుల్లో మన ఒడ్డుకి కొట్టుకొచ్చే తాబేళ్ళ శవాలు ఎవరు చంపినవి? చేతిలో గంప పట్టుకుని పీతలేరుకునే ముసలమ్మ చంపినవా?

ఇప్పుడు కోరింగ సంగతి చూద్దాం. గోదావరి సముద్రంలో కలిసే చోట, కాకినాడ పక్కన, 1978లో మడ అడవినీ ఏటిపాయల్నీ హోప్ దీవినీ కలిపి సుమారు 235 చదరపు కిలోమీటర్లు అభయారణ్యం చేశారు. నీటికుక్కలున్నాయి, బావురుపిల్లులున్నాయి, దీవి ఇసుకలో ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెడతాయి. ఆ అడవి ఉండబట్టే తుపాను గాలికి కొన్ని ఊళ్ళు తట్టుకున్నాయి. 1996 నవంబరు 6న వచ్చిన తుపానులో ఆ చుట్టుపక్కల వెయ్యి మందికి పైగా చచ్చిపోయారు. మడ లేకపోతే ఇంకెంతమందో. 1977 దివిసీమ ఉప్పెన చూసిన వాళ్ళకి ఇది వేరే చెప్పక్కర్లేదు. పల్లంలో ఉండేది ఎవరి గుడిసెలు? ఊరి మెరక మీద ఎవరి ఇళ్ళు? ఉప్పెనకి కులం లేదంటారు గానీ, ఊరికి ఉందిగా, పల్లం ఎవరికో మెరక ఎవరికో ముందే పంచేసి పెట్టింది. అందుకే మడ అడవి ఉండాలని మాకంటే గట్టిగా కోరుకునే వాళ్ళు ఎవరూ లేరు.

అయితే ఆ అడవి మీద, ఆ పాయల మీద ఎవరెవరు బతుకుతున్నారు? సర్కారు కాయితంలో జవాబు ఒక్క ముక్క: మత్స్యకారులు. అంటే నావ, వల, సొసైటీ, కార్డు ఉన్నోళ్ళు. వాళ్ళు వెనకబడిన కులాల వాళ్ళు, కష్టజీవులు, వాళ్ళతో మాకు పేచీ లేదు. కానీ నావ లేని వాళ్ళ సంగతి? వ్యవసాయ కూలి దొరకని నెలల్లో నడుం లోతు నీళ్ళలో దిగి చేత్తో పీతలు, గుల్లలు, మట్టగిడసలు పట్టుకునే మాల మాదిగ ఆడోళ్ళు ఉన్నారు. పాయల్లో, బురదలో తరతరాలుగా పీత వేటే బతుకైన యానాదులున్నారు. రేవులో గంపలు మోసేవాళ్ళు, చేపలు ఎండబెట్టేవాళ్ళు, ఐసు కొట్టేవాళ్ళు, మరబోటు మీద వేరేవాడి కింద కూలికి పోయేవాళ్ళు ఉన్నారు. తొంభైలలో రొయ్యల చెరువులకి పిల్ల కావాల్సొచ్చినప్పుడు నీళ్ళలో రోజంతా నిలబడి దోమతెర లాంటి వలతో రొయ్యపిల్లని ఏరి లెక్కపెట్టి ఇచ్చినవాళ్ళలో పిల్లలు కూడా ఉన్నారు. చెరువు లాభం ఒకడిది, ఒళ్ళు నాని పుండ్లుపడిన కాళ్ళు ఇంకొకడివి. వీళ్ళెవరూ మత్స్యకారులు కారు, కాయితం ప్రకారం.

ఒక మీటింగులో ఒక అమ్మ లేచి అడిగింది: "అయ్యా, నేను పట్టే పీతకి నా కులం తెలుసా? మరి ఆఫీసరుకి ఎందుకు తెలియాల్సొచ్చింది?" మా దగ్గర జవాబు లేకపోయింది.

చట్టమేం చెప్తుందో చూద్దాం. చాలామంది మన కార్యకర్తలు చట్టం పుస్తకం తెరవకుండానే తిడతారు. అది తప్పు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో అభయారణ్యం ప్రకటించాలంటే ఒక పద్ధతుంది. ముందు సర్కారు ఉద్దేశం ప్రకటిస్తుంది. తర్వాత కలెక్టరు ఆ ఏరియాలో ఎవరికి ఏ హక్కులున్నాయో విచారించాలి. 21వ సెక్షను ప్రకారం ఊళ్ళల్లో స్థానిక భాషలో చాటించాలి, చాటింపు వేసినప్పటి నుంచి రెండు నెలల్లో ఎవరి హక్కు వాళ్ళు రాతపూర్వకంగా అడగాలి. 22వ సెక్షను ఇంకో మాట కూడా చెప్తుంది, ఇది గుర్తుపెట్టుకోవాల్సిన మాట: ఎవరూ అర్జీ పెట్టకపోయినా, రికార్డుల నుంచీ, తెలిసినవాళ్ళ సాక్ష్యం నుంచీ తెలిసే హక్కుల్ని కూడా కలెక్టరు విచారించాలి. 24వ సెక్షను కింద, సరే అనుకుంటే, కొన్ని హక్కుల్ని అభయారణ్యం లోపల కూడా కొనసాగనివ్వొచ్చు. సముద్ర జలాలు కలిపేటప్పుడు స్థానిక మత్స్యకారుల వృత్తి ప్రయోజనాలు కాపాడే ఏర్పాట్లు చేశాకే హద్దులు నిర్ణయించాలని 26ఏ సెక్షనులో ఉంది. నేషనల్ పార్కు అంటే మాత్రం ఇంకా గట్టిది, హక్కులన్నీ తీసేసి సర్కారు చేతికి వచ్చాకే ప్రకటిస్తారు.

చూశారా, చట్టంలో దారి ఉంది. కానీ ఆ దారిలో ద్వారపాలకుడు ఎవరు? 'స్థానిక మత్స్యకారులు' అన్న మాట. ఆ మాటకి అర్థం చెప్పేది చేపల శాఖ, ఆ శాఖకి కనపడేది నావ. మనిషి కనపడడు. పైగా చాటింపు ఎక్కడేస్తారు? రచ్చబండ దగ్గర, పంచాయతీ ఆఫీసు గోడ మీద. వాడలోకి ఆ డప్పు రాదు. డప్పు కొట్టేది మనవాడే, వినపడనిదీ మనకే!

వేట నిషేధం చూడండి. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరపడవలు సముద్రంలోకి పోకూడదు. చేప గుడ్డు పెట్టే కాలం, ఆపడం న్యాయమే. ఆ కాలానికి ఆంధ్రలో సర్కారు 2019లో 10,000 రూపాయల భృతి పెట్టింది, 2025లో 20,000 చేసింది. ఎవరికి? బోటు మీద వేటకి పోయేవాళ్ళ లిస్టుకి. బోటు ఆగితే గంప మోసే మనిషికీ, ఎండుచేపలు అమ్మే ఆడమనిషికీ కూడా పని ఆగుతుందిగా? ఆ 61 రోజులూ వాళ్ళ కడుపుకి కూడా నిషేధమేనా?

సరే, చట్టం అందరికీ ఒకటే కదా అంటారు. ఒకటే అయితే బాగుండేది. తమిళనాడులో తంజావూరు, నాగపట్నం వైపు రొయ్యల చెరువులు వరిపొలాల్ని, మంచినీళ్ళ బావుల్ని ఉప్పు చేస్తుంటే ఎస్. జగన్నాథన్ సుప్రీం కోర్టుకి పోయాడు. ఆయనా ఆయన సహచరి కృష్ణమ్మాళ్, 1968లో 44 మంది దళితుల్ని గుడిసెలో పెట్టి తగలబెట్టిన కీలవెణ్మణి చుట్టుపక్కలే భూమిలేని దళిత కుటుంబాలకి భూమి ఇప్పించే పని చేసినవాళ్ళు. 1996 డిసెంబరు 11న కోర్టు తీర్పిచ్చింది. సముద్రపు పోటు గీత నుంచి 500 మీటర్ల లోపు ఉన్న రొయ్యల చెరువులు కొట్టెయ్యాలి, 1997 మార్చి 31 లోపు. పాడుచేసినవాడే పరిహారం కట్టాలి. కూలీలకి నష్టపరిహారం ఇవ్వాలి. మన నెల్లూరు, ప్రకాశం, గోదావరి జిల్లాల రొయ్యల ఆసాములు అదిరిపోయారు. ఏమైంది చివరికి? చెరువులు పోలేదు, చట్టమే మారింది. 2005లో పార్లమెంటు కోస్తా ఆక్వాకల్చరు చట్టం చేసి, తీరప్రాంత నిబంధనల్లో ఉన్న అడ్డు రొయ్యల చెరువుకి వర్తించదని తేల్చింది. అంటే సముద్రం ఒడ్డున పెద్దోడి చెరువు అడ్డమొస్తే గీత జరుగుతుంది. పేదోడు అడ్డమొస్తే పేదోడు జరగాలి.

ఒడిశా కూడా అంతే. 1997లో గహీర్‌మఠ దగ్గర 1,435 చదరపు కిలోమీటర్లు సముద్ర అభయారణ్యం చేశారు. లక్షల తాబేళ్ళు ఒక్కసారిగా ఒడ్డెక్కి గుడ్లు పెట్టే చోటు, ప్రపంచంలోనే అరుదైంది, కాపాడాల్సిందే. ధమ్రా, దేవి, ఋషికుల్య ఏటి మొగల దగ్గర ఏటా నవంబరు నుంచి మే ఆఖరు దాకా ఏడు నెలలు చేపల వేట బందు. గంజాం తీరంలో ఋషికుల్య దగ్గరుండే నోళియాల్లో చాలామంది ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళే, మన శ్రీకాకుళం వాళ్ళ చుట్టాలే. ఏడు నెలలు వల ఎండేసుకుని కూర్చోవాలి. బాగానే ఉంది. కానీ ఆ గహీర్‌మఠ తీరానికి సుమారు 15 కిలోమీటర్ల దూరంలోనే ధమ్రాలో పెద్ద రేవు కట్టారు, 2011లో ఓడలు మొదలయ్యాయి. ఓడలు వచ్చేందుకు సముద్రం అడుగు తవ్వారు. రాత్రంతా దీపాలు. తాబేలు పిల్ల గుడ్డులోంచి రాగానే వెలుగున్న వైపు పోతుంది, అది సముద్రం మీది వెలుగనుకుని. తెప్ప మీద పోయేవాడి లాంతరు తాబేలుకి హాని, రేవులో దీపాలు మాత్రం అభివృద్ధి.

ఇది మన దేశపు సంగతే అనుకోవద్దు. హిందూ మహాసముద్రంలో చాగోస్ అని దీవులున్నాయి. ఆఫ్రికా నుంచి తెచ్చిన బానిసల సంతతి, మన దేశం నుంచి పోయిన కూలీల రక్తం కలిసిన నల్లజనం అక్కడ కొబ్బరి తోటల్లో బతికేవాళ్ళు. డియెగో గార్షియా దీవి అమెరికాకి సైనిక స్థావరానికి కావాల్సొచ్చింది. 1968 నుంచి 1973 లోపు బ్రిటిషోళ్ళు ఆ జనాన్నంతా ఓడలెక్కించి మారిషస్‌లో, సీషెల్స్‌లో దింపేశారు. వాళ్ళ కుక్కల్ని విషపు పొగపెట్టి చంపారు. ఆ జనం కోర్టుల చుట్టూ తిరిగి తిరిగి, ఇక ఇంటికి పోదాం అనుకునే సమయానికి, 2010 ఏప్రిల్ 1న బ్రిటన్ ఆ దీవుల చుట్టూ సుమారు 6,40,000 చదరపు కిలోమీటర్ల సముద్రాన్ని రక్షిత ప్రాంతం చేసేసింది. చేపలు పట్టకూడదు. పర్యావరణ సంఘాలు చప్పట్లు కొట్టాయి. అదే ఏడాది చివర్లో ఒక అమెరికా దౌత్య కాయితం బయటపడింది. ఈ సముద్ర పార్కు వస్తే పాత జనం తిరిగొచ్చే దారి మూసుకుపోతుందని బ్రిటిష్ ఆఫీసరు అమెరికా వాళ్ళకి 2009లోనే చెప్పినట్టు అందులో ఉంది. ఇంకో తమాషా: సైనిక స్థావరం ఉన్న డియెగో గార్షియా దీవినీ దాని చుట్టూ మూడు మైళ్ళ నీళ్ళనీ ఆ రక్షణ గీతలోంచి తప్పించారు. అక్కడి సిబ్బంది సరదాకి గాలం వేసుకోవచ్చు. సొంత ఊరు పోగొట్టుకున్న మనిషి మాత్రం కూరకి చేప పట్టకూడదు. 2015లో అంతర్జాతీయ మధ్యవర్తుల ట్రిబ్యునల్ ఆ పార్కు ప్రకటించిన తీరు సముద్ర చట్టానికి విరుద్ధమని తేల్చింది.

చేప పేరు చెప్పి మనిషిని తోలెయ్యడం ఎలా జరుగుతుందో తెలుసుకోవాలంటే చాగోస్ కథ ప్రతి వాడలో చెప్పాలి.

ఇక్కడ మనలో కొందరు మేధావులు ఒక సులువైన మందు చెప్తారు. 'సర్కారుకి ఎందుకు, తీరాన్ని ఊరికే వదిలెయ్యండి, సంప్రదాయ పద్ధతుల్లో జనమే కాపాడుకుంటారు' అని. మాకు ఈ మాట కూడా మింగుడుపడదు. ఊరు అంటే ఎవరు? పులికాట్ సరస్సులో, తమిళనాడు వైపు, 'పాడు' అనే పద్ధతుంది. రొయ్య బాగా దొరికే తావుల్ని వంతులేసి, చీటీలేసి, ఇంటింటికీ పంచుకుంటారు. ఎవరూ ఎక్కువ పట్టకుండా అందరికీ దొరికేలా. దేశవిదేశాల పండితులు దాన్ని మెచ్చుకుంటూ రాశారు. నిజంగా తెలివైన పద్ధతే. కానీ ఆ వంతు పట్టణవర్ కులం వాళ్ళకి. అదే సరస్సు ఒడ్డున బతికే దళితులకి పాడులో వంతు లేదు. మంచి తావు వాళ్ళది, మిగిలిన నీళ్ళు మిగిలినోళ్ళవి. ఇదీ సంప్రదాయం. బాబాసాహెబు 1948లో రాజ్యాంగ సభలో ఊరిని పొగిడే వాళ్ళని ఎందుకు దులిపేశారో ఇలాంటివి చూస్తే తెలుస్తుంది. నీళ్ళ దగ్గరే కదా మన మీద దెబ్బ పడేది. కారంచేడులో 1985లో ఆరుగురు మాదిగల్ని నరికి చంపిన గొడవ మొదలైంది మాదిగపల్లె మంచినీళ్ళ చెరువు దగ్గరే. అక్కణ్ణించి జనం తరలిపోయి తలదాచుకుంది సముద్రం పక్కనున్న చీరాలలో.

కాబట్టి మాకు ఫారెస్టోడి లాఠీ వద్దు, ఊరి పెద్దల వంతూ వద్దు. చట్టం కావాలి. లిస్టులో మా పేరున్న చట్టం కావాలి.

ఇంకో సంగతి చెప్పకపోతే మేము అబద్ధం ఆడినట్టవుతుంది. మమ్మల్ని చూపించి మడని నరికే పని కూడా జరుగుతోంది. కాకినాడ దుమ్ములపేట దగ్గర 2020లో పేదలకి ఇళ్ళ స్థలాల పేరు చెప్పి మడ నేల చదును చేశారు. కేసు జాతీయ హరిత ట్రిబ్యునల్‌కి పోయింది. అప్పుడు కొందరు మన వాళ్ళే 'పేదోళ్ళకి స్థలమిస్తుంటే చెట్ల పేరుతో అడ్డం పడుతున్నారు' అని అన్నారు. తప్పు. ఆ జిల్లాలో ఎంతమంది దగ్గర ఎన్నెకరాలున్నాయి? మాకిచ్చే సెంటు స్థలం ఉప్పెన వచ్చే బురదలోనే దొరికిందా? మెరక నేల అడుగుదాం. మడని మడలాగే ఉండనిద్దాం.

మరబోట్ల సంగతీ అంతే. 1994 ఆంధ్రప్రదేశ్ సముద్ర చేపల వేట చట్టం కింద ఒడ్డు నుంచి 8 కిలోమీటర్ల లోపు నీళ్ళు తెప్పలకీ చిన్న నావలకీ వదిలెయ్యాలి. అది కూడా సముద్రంలో గీసిన రక్షిత గీతే! కొత్త పార్కులు గీసేముందు ఆ పాత గీత కాపలా కాయండి చూద్దాం. కాపలా పడవ ఎక్కడుంది, డీజిలు ఎవరు పోస్తారు, ఎన్ని బోట్ల మీద కేసు పెట్టారు? ఈ లెక్క అడిగితే ఆఫీసుల్లో మొహాలు చూసుకుంటారు. పీతలేరుకునే ఆడమనిషి గంప లాక్కోవడానికి మాత్రం డీజిలు అక్కర్లేదు, నడిచొచ్చి లాక్కోవచ్చు.

సంఘం వాళ్ళు ఇప్పుడు చెయ్యాల్సింది ఊరికే ధర్నా కాదు. 2006 అటవీ హక్కుల చట్టం అభయారణ్యాల్లో కూడా వర్తిస్తుంది. మడ అడవి కూడా అడవే. ఆ చట్టం 3(1)(డి)లో చేపలు, నీటివనరుల్లో దొరికే ఇతర ఉత్పత్తుల మీద సామూహిక హక్కులున్నాయి. యానాదులు ఎస్టీలు, నేరుగా అడగొచ్చు. మాల మాదిగలైతే 2005 డిసెంబరు 13కి ముందు మూడు తరాలు, అంటే 75 ఏళ్ళు, అక్కడే ఉండి ఆ అడవి మీద ఆధారపడి బతికామని చూపించాలి. కష్టమే, కానీ అసాధ్యం కాదు. ముసలివాళ్ళు చెప్పిన మాట రాసి పెడితే అది కూడా సాక్ష్యమే, రూల్సులో 13వ రూలు చూడండి. ఒక్క సాక్ష్యం చాలదు, రెండో కాయితం ఏదైనా జత చెయ్యాలి: పాత ఓటరు లిస్టు, రేషను కార్డు, ఎప్పుడో గంప పట్టుకున్నందుకు ఫారెస్టోళ్ళు రాసిన జరిమానా రసీదు. ఆ రసీదు పారెయ్యకండి. నువ్వు అక్కడ ఉన్నావని సర్కారే రాసిచ్చిన కాయితం అది.

మహద్‌లో చౌదర్ చెరువు అందరిదీ అని మున్సిపాలిటీ 1924లోనే తీర్మానం చేసింది. మన వాళ్ళు దోసిలి ముంచింది 1927 మార్చి 20న, బాబాసాహెబు నడిచి వెళ్ళాక. కోర్టులో తీర్పు వచ్చింది 1937లో. కాయితం మీద హక్కుకీ దోసిట్లో నీళ్ళకీ మధ్య అంత దూరం ఉంటుంది. అందుకే ఇప్పుడే మొదలుపెట్టాలి. తీరంలో ప్రతి వాడలో ఆడవాళ్ళతో కూర్చుని ఒక నోటుబుక్కు రాయండి. ఏ నెలలో ఏ పాయలో ఏం పడతారు, ఎవరి అమ్మమ్మ ఎక్కడ దిగేది, ఏ ఏటి మొగ ఎప్పుడు పూడింది, మరబోటు ఏ తారీకున ఎంత దగ్గరికొచ్చింది, అన్నీ. రేపు చాటింపు వస్తే రెండు నెలలే గడువు. అర్జీ కలెక్టరు ఆఫీసులో ఇచ్చినప్పుడు నకలు మీద తారీకు వేయించి ముద్ర కొట్టించుకోండి. ముద్ర కొట్టకపోతే రిజిస్టరు పోస్టులో పంపండి, ఆ చీటీ నోటుబుక్కులోనే అంటించండి.